సగటు వానతో ఎవరి చెలక పండింది?

ఏటా అక్టోబర్ మొదటి వారంలో హైదరాబాద్ నుంచి ఒక లెక్క వస్తుంది. జూన్ ఒకటి నుంచి సెప్టెంబర్ ముప్పై దాకా పడాల్సిన వాన ఇంత, పడ్డ వాన ఇంత, తేడా ఇంత శాతం. పక్కనే ఒక మాట ఉంటుంది: సాధారణం. లేకపోతే అధికం. ఆ మాట పడ్డదంటే ఫైలు మూసినట్టే. కరువు లేదు, కాబట్టి రైతుకు గోస లేదు. గోస లేదు, కాబట్టి అడిగే హక్కు లేదు.

2023ను యాది చేసుకుందాం. ఆ ఏడు మిరుగు పొడిగా పోయింది. జూన్ మూడో వారం దాటినంక గాని రుతుపవనం మన దిక్కు రాలేదు. వచ్చిన కొద్ది జల్లుకే ఆశపడి పత్తి గింజ పెట్టినవాళ్ళు పెట్టారు. జూలై ఆఖరి వారంలో మొగులు పగిలినట్టు కొట్టింది. కడెం మీద నీళ్ళు పొంగిపొర్లినయి, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. ఆ వెంటనే ఆగస్టు. 1901 నుంచి లెక్కలు రాస్తున్న ఈ దేశంలో అంత ఎండిన ఆగస్టు లేదని వాతావరణ శాఖే చెప్పింది. సెప్టెంబర్‌లో మళ్ళీ వానలు. మొత్తం కూడి చూస్తే రాష్ట్రానికి సాధారణం కన్నా ఎక్కువే పడ్డది! కాగితం మీద మంచి కాలం. జూన్‌లో మొలక ఎండి, జూలైలో చేను మునిగి, ఆగస్టులో పూత రాలిన రైతు ఆ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలి?

మేము చెప్పదలచుకున్నది ఇదే. వాతావరణ మార్పు అంటే మన కరీంనగర్, ఆదిలాబాద్ రైతుకు ధ్రువాల దగ్గర కరిగే మంచుకొండ కాదు, టీవీలో మునిగిపోయే ద్వీపం కాదు. వాన తక్కువ కావడం కూడా కాదు. ఆదిలాబాద్‌లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే పడుతుంది, అది ఇప్పటికీ పడుతున్నది. పోయింది వాన కాదు, వాన వరుస. పది దినాలు పడాల్సింది ఒక్క రాత్రి పడుతుంది. పడాల్సిన నెల ఎండిపోతుంది. కోత వేళ, కల్లం వేళ, పత్తి ఏరే వేళ పిలవని చుట్టంలా వచ్చి కూసుంటుంది. ఈ నష్టాన్ని చూసే కన్ను మన సర్కారు యంత్రాంగానికి లేదు. దానికి తెలిసింది ఒక్కటే, సగటు.

సగటు అనే మాట మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్రం మొత్తం సగటు చూపెట్టి తెలంగాణ పల్లె కరువును దాచిన రోజులు మనం చూసినం. ఎకరం సగటు, తలసరి సగటు, నీటిపారుదల సగటు. కోస్తా కాలువ కింది రెండు పంటలను, మన బోరుబాయి కింది ఎండిన మడిని కలిపి భాగిస్తే వచ్చే అంకెను అభివృద్ధి అన్నారు. ఆ అంకె మోసాన్ని ఊరూరా విప్పి చెప్పింది ఈ ఉద్యమమే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పదేళ్ళు దాటినయి. ఆ భాగహారం మాత్రం పోలేదు, హైదరాబాద్‌లో కూసుని ఇప్పుడు మనమే చేస్తున్నం.

నమ్మబుద్ధి కాకపోతే 2015 కరువు జాబితా తీసి చూడండి. అది మామూలు కరువు కాదు. ఆ నవంబర్‌లో సర్కారు 231 కరువు మండలాలను ప్రకటించింది. అప్పటి మహబూబ్‌నగర్‌లో 64, మెదక్‌లో 46, నిజామాబాద్‌లో 36. కరీంనగర్‌లోని 57 మండలాల్లో 19కి చోటు దక్కింది. ఆదిలాబాద్‌లో ఎన్ని? సున్నా. యాభై రెండు మండలాల జిల్లాలో ఒక్క మండలానికి కూడా కరువు రాలేదట! అడవి జిల్లా, వాన జిల్లా అన్న పేరే ఆదిలాబాద్‌కు శాపమైంది. ఉట్నూరు గుట్టల మీద కురిసి వాగుల్లో పడి గోదావరిలో కలిసిన వాన, తాంసి నల్లరేగడిలో పత్తిని బతికించినట్టు లెక్క కట్టారు.

మన పెద్దలకు వాన లెక్క కార్తెల్లో ఉండేది. రోహిణిలో దుక్కి, మిరుగులో విత్తు, ఆరుద్రలో నాటుకు నారు. ఇది మూఢనమ్మకం కాదు. వందల ఏండ్లు మొగులును చూసి చూసి కట్టిన క్యాలెండర్ అది. ఏ కార్తెలో వాన ఎగ్గొడితే ఏ గింజకు మారాలో ఆ లెక్కలోనే ఉండేది. మిరుగు తప్పితే పెసర పోయి నువ్వులు వచ్చేవి, పత్తి సాళ్ళ నడుమ కంది, జొన్న ఉండేవి. ఒకటి పోతే ఒకటి కడుపు నింపేది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినంక పదిహేనేండ్లు తిరగకముందే ఆ తొక్కుడుబండ ఆట ముగిసింది. ఊరంతా ఒకే పంట. ఒక్క పంట అంటే ఒక్క జూదం. మార్కెట్ నేర్పిన జూదానికి ఇప్పుడు మొగులు కూడా తోడైంది. ఈ మాట అంటే కొందరు మిత్రులకు కోపం వస్తుంది, రైతును తప్పు పడుతున్నారా అని. కాదు. జొన్నకు ధర లేదు, కొనే సెంటర్ లేదు, పత్తికి ఉంది. రైతు పోయింది కొనేవాడు ఉన్న దిక్కే.

ఇంతకూ వాన వరుస ఎందుకు చెదిరింది? శాస్త్రం చెప్పేది పెద్ద చిక్కు ముచ్చటేం కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకునే తేమ దాదాపు ఏడు శాతం పెరుగుతుంది. ముల్లె పెద్దదైంది అన్నమాట. నింపుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఆ రోజులు మనకు ఎండు రోజులు. కుమ్మరించినప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం 1950 నుంచి 2015 నడుమ మధ్య భారతంలో విస్తారంగా కురిసే కుండపోతలు మూడింతలు పెరిగినయి. అదే కాలంలో రుతుపవనాల మొత్తం బలం తగ్గుతూ వచ్చింది. కారణం అరేబియా సముద్రం వేడెక్కి తేమను పోటుమీద లోపలికి తోయడం. వాళ్ళు లెక్కించిన ఆ నేలకు దక్షిణపు అంచునే మన ఆదిలాబాద్ ఉంది. మొత్తం తగ్గుతూ కుండపోత పెరుగుతున్నదంటే నడుమ ఉండే ముసురు పోతున్నదని అర్థం. రైతుకు కావల్సింది ఆ ముసురే.

ఇక పైసల ముచ్చటకు వద్దాం. ఐదెకరాల పత్తి రైతును తీసుకుందాం. ఎకరానికి రెండు ప్యాకెట్లు, పది ప్యాకెట్లు. 2025లో ఒక ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. అంటే 9,010. జల్లుకు పెట్టిన గింజ పది దినాల ఎండకు మాడితే మళ్ళీ పెట్టాలి. 18,020. అచ్చు తోలిన ట్రాక్టర్ కిరాయి, గింజ పెట్టిన ఆడవాళ్ళ కైకిలి, షావుకారు మిత్తి ఇందులో లెక్కవేయలేదు. ఇప్పుడు ఆ పంట జూలై వరదకు పూర్తిగా పోయిందనుకోండి. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధన ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఐదెకరాలంటే రెండు హెక్టార్లు. 17,000. పంట మొత్తం పోయిన రైతుకు దేశం ఇచ్చేది అతను రెండుసార్లు కొన్న విత్తనం ఖరీదుకు వెయ్యి రూపాయలు తక్కువ! మూడో వంతుకు తక్కువ నష్టమైతే అదీ లేదు. 33 శాతం గీత కింద పడ్డవాడు మొగులును తిట్టుకుని ఇంటికి పోవాలి.

కరువు నిబంధనల్లో డ్రై స్పెల్ అనే మాట లేకపోలేదు. ఉంది. మూడు నాలుగు వారాలు వరుసగా, వారం వారం సాధారణంలో సగం కన్నా తక్కువ పడితే దాన్ని డ్రై స్పెల్ అంటారు. ఢిల్లీలో ఆ మాట రాసినవాళ్ళు చెలకలో మొలకను చూసి రాసినట్టు లేదు. ఎర్ర చెలకలో రెండాకుల పత్తి మొక్కకు మూడు వారాలు ఎక్కడివి? పది దినాలు చాలు. మూడో వారానికి కొలత అందుకునే వరకు రైతు రెండో అప్పు చేసి రెండో గింజ పెట్టి ఉంటాడు. ఈసారి అది మొలిస్తే కరువే లేనట్టు.

కొలిచే చోటు ముచ్చట కూడా చూడాలి. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ఇది మెరుగే, కాదనం. కాని గ్రామ పంచాయతీలు పన్నెండు వేలు దాటినయి. పది పన్నెండు ఊళ్ళకు ఒక కొలత. ఇప్పటి వాన రోడ్డుకు ఒక పక్క పడి ఇంకో పక్క పడదు. మండల కేంద్రంలో తడిసిన యంత్రం, ఆరు కిలోమీటర్ల అవతల ఎండిన చేనుకు సాక్ష్యం చెబుతున్నది.

ఇక కట్టిన కట్టడాల సంగతి. కడెం మన పాత ప్రాజెక్టు. కట్టుబడి సాగుతుండగానే 1958లో వరదకు తెగింది, తర్వాత గేట్లు పెంచి నిలబెట్టారు. అది వదలగలిగింది మూడు లక్షల క్యూసెక్కుల దాకా. 2022 జూలై 13, 14 తేదీల్లో వచ్చింది ఐదు లక్షలు దాటి. పద్దెనిమిది గేట్లలో ఒకటి లేవనే లేదు. నీళ్ళు గేట్ల మీదుగా దుమికినయి. కింది ఊళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. కట్ట ఎట్ల నిలిచిందో ఇప్పటికీ ఇంజనీర్లే ఆశ్చర్యపోతారు. సరే, ఒక్కసారి అనుకుందాం. ఏడాది తిరగంగనే 2023 జూలైలో మళ్ళీ అదే వరద, ఈసారి ఒకటి కాదు, నాలుగు గేట్లు మొరాయించినయి. నడుమ పన్నెండు నెలలు ఏం చేసినట్టు? పాత వాన లెక్కకు కట్టిన ప్రాజెక్టు కొత్త వానకు ఆగదని 2022 చెప్పింది. వినే చెవి లేకపోతే వరద ఎన్నిసార్లని చెప్పాలి?

కొత్తగా కట్టినవి బాగున్నయా అంటే అదీ లేదు. మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ బరాజులు నిండినప్పుడు మంథని, చెన్నూరు దిక్కు వాగుల వెంట నీళ్ళు వెనక్కి ఎగదన్ని పత్తి చేన్లు మునిగినయి. ఒక్క ఏడు కాదు, వరుసగా. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి. దాని మీద రెండు పార్టీలు పంచాయితీ పెట్టుకుని ఇన్నేండ్లు గడిపినయి. ఆ పంచాయితీలో మునిగిన చెన్నూరు చేను పేరు ఎత్తినవాళ్ళు ఎందరు?

పత్తి గోస అట్ల ఉంటే వరి గోస ఇంకో తీరు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్లల్లో శ్రీరాంసాగర్ కాలువ కింద, బోర్ల కింద యాసంగి వరి ఏప్రిల్‌లో కోతకు వస్తుంది. 2023 మార్చిలో ఒకసారి, ఏప్రిల్ ఆఖరులో ఇంకోసారి రాళ్ళవాన కొట్టింది. పాలు పోసుకునే దశలో కొడితే తాలు అవుతుంది, పండినంక కొడితే గింజ నేల రాలుతుంది. రామడుగు, చొప్పదండి దిక్కు గడ్డి నిలబడే ఉంది, గింజ మాత్రం మడిలో ఉంది. మార్చిలో ముఖ్యమంత్రి వచ్చి చూసి ఎకరానికి పది వేలు అన్నారు. మే నెలలో మంత్రివర్గం కూసుని యాసంగి కోతలు మార్చి లోపు ముగిసేటట్టు పంట కాలాన్ని ముందుకు జరపాలన్నది.

సలహా మంచిదే. కాని జరిపేది ఎవరు? యాసంగి ముందుకు రావాలంటే నారు నవంబర్‌లో పోయాలి. నారు పోయాలంటే వానాకాలం వరి అక్టోబర్‌లో కోసి మడి ఖాళీ కావాలి. అంటే తక్కువ దినాల వంగడం కావాలి, జూన్‌లోనే కాలువ నీళ్ళు రావాలి, కోసిన వడ్లు సెంటర్‌లో నెల రోజులు పడి ఉండకుండా తూకం కావాలి, తూకమైనంక లారీ రావాలి, పైసలు పడాలి. ఇందులో రైతు చేతిలో ఉన్నది ఒక్కటే, వంగడం ఎంచుకునుడు. పొలాసలో పరిశోధన కేంద్రం ఉంది, వంగడాలు ఉన్నాయి. మిగతావన్నీ సర్కారు చేతిలో ఉన్నయి. క్యాలెండర్ మార్చాల్సింది రైతు ఇంట్ల కాదు, నీటిపారుదల శాఖ, పౌరసరఫరాల శాఖ ఆఫీసుల్లో.

కల్లం మీది వానకు తాజా సాక్ష్యం 2025 అక్టోబర్. మొంథా తుపాను కాకినాడ దిక్కు తీరం దాటితే మన దగ్గరేం అవుతుందిలే అనుకున్నారు. పాత కరీంనగర్‌లోని భీమదేవరపల్లిలో ఒక్క దినంలో 40 సెంటీమీటర్ల దాకా కొట్టింది. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో ఆరబోసిన వడ్లు కాలువలో కొట్టుకుపోతుంటే ఆడబిడ్డలు రెండు చేతులతో అడ్డుపెట్టి ఏడ్చిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ వడ్లు పొలంలో లేవు, యార్డులో ఉన్నయి. అంటే పండిపోయింది, అమ్మకానికి తెచ్చారు. అది పంట నష్టమా, సరుకు నష్టమా? ఏ శాఖ ఖాతాలో రాయాలి? అదీ ఒక చర్చేనట. తేమ 17 శాతం దాటితే కొనమన్నందుకే కదా ఆమె ఆ వడ్లను అక్కడ ఆరబోసింది. ఆ నెల పత్తి కూడా చేన్ల మీదే తడిసింది. సీసీఐ ఎనిమిది శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, పన్నెండు దాటితే గేటు బయటే. క్వింటాలుకు 8,110 అని మద్దతు ధర రాసి ఉంటుంది. తడిసిన దూదికి ఆ ధర గోడ మీది రాతే. ఆపైన ఆ ఏడు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరికితే గాని బండి కట్టకూడదు. తేమ కొలిచే మర ఉన్నది, వానకు బాధ్యత కొలిచే మర ఎక్కడుంది?

ఆ తుపాను తర్వాత కూడా ముఖ్యమంత్రి వచ్చారు. మనిషి మారారు, పార్టీ మారింది, అంకె మారలేదు: ఎకరానికి పది వేలు. మేము దాన్ని తక్కువ చేసి మాట్లాడం, కష్టంలో పది వేలు పది వేలే. కాని అది దయ. ముఖ్యమంత్రి వచ్చిన ఊరికి, టీవీలో కనబడ్డ వానకు, ఎన్నికలు దగ్గరున్న ఏడుకు దక్కే దయ. హక్కు పేరు బీమా. 2016లో కేంద్రం తెచ్చిన ఫసల్ బీమా నుంచి మన రాష్ట్రం 2020లో తప్పుకున్నది. ఆ పథకంలో లోపాలు చాలా ఉన్నయి, కంపెనీల లాభాల ముచ్చట నిజమే. కాని ఇల్లు కారుతున్నదని ఇల్లు పీకి, కొత్త ఇల్లు కట్టకుండా వదిలేశారు. 2024లో మళ్ళీ చేరుతామని ప్రకటన వచ్చింది. 2025 అక్టోబర్ తుపాను వచ్చిన దినాన మాత్రం ఈ నేల మీద రైతుకు సర్కారు పంట బీమా లేదు. వాన తీరు పూర్తిగా తిరగబడ్డ ఈ ఐదారేండ్లే, మన రైతు గొడుగు లేకుండా నిలబడ్డ ఏండ్లు.

కౌలుదారు సంగతి మళ్ళీ చెప్పాల్నా? 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. పట్టా ఉన్నవాడికి వచ్చింది, దున్నేవాడికి రాలేదు. పేరు మారి రైతు భరోసా అయింది. కౌలు రైతుకు ఇస్తామని 2023లో రాసిన హామీ హామీగానే ఉండిపోయింది. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లోనే చట్టం ఉంది, ఆ కార్డులు రాసేవాళ్ళు లేరు. రాళ్ళవాన కొట్టేది మాత్రం దున్నినవాడి చేను మీదే. నష్టం రాసుకునే ఉద్యోగి అడిగేది పాస్‌బుక్. పాస్‌బుక్ ఉన్న ఆసామి కరీంనగర్ టౌన్లనో హైదరాబాద్‌లనో ఉంటాడు, సాయం ఆయన ఖాతాలో పడుతుంది. ఆదిలాబాద్ గోండు, కొలాం పోడు రైతులది ఇంకో కథ. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాలు పంచుడు మొదలైంది, కొందరికి అందినయి. అందనివాళ్ళ పంట మునిగితే అది అడవి మునిగినట్టే రాసుకుంటారు.

ఎండ ముచ్చట క్లుప్తంగా. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారు. 2024 మే నెలలో జగిత్యాల, కరీంనగర్ దిక్కు 46 డిగ్రీలు దాటింది. వడదెబ్బ చావుకు నాలుగు లక్షలని 2025లో సర్కారు ఉత్తర్వు ఇచ్చింది, మంచిదే. చావని కైకిలి మనిషికి, పది గంటలకే పని బందుపెట్టి సగం కూలితో ఇంటికి పోయిన మనిషికి ఏ ఉత్తర్వూ లేదు.

ఇక్కడ ఒక చేదు నిజం. గాలిని వేడెక్కించే బొగ్గు మన గోదావరి లోయలోదే. సింగరేణి ఏటా ఏడు కోట్ల టన్నుల చుట్టూ తీస్తున్నది. రామగుండంలో ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్ల పాత ప్లాంటు, 1,600 మెగావాట్ల కొత్త ప్లాంటు, జైపూర్‌లో సింగరేణిది 1,200. ఓపెన్‌కాస్టు గుంతలు మనవి, బూడిద చెరువులు మనవి, ఊపిరితిత్తుల్లో దుమ్ము మనది. కరెంటు ఎక్కడ వెలుగుతున్నదో అందరికీ తెలుసు. గనికార్మికుడి కొలువు తీసేయమని మేము అనం, ఆ కొలువుల కోసం కొట్లాడిందీ మనమే. లెక్క సమం చేయమంటున్నం.

ప్రపంచ వేదికల మీద మన దేశం ఇదే వాదన గట్టిగా చేస్తుంది. అమెరికా మనిషి సగటున మన మనిషికన్నా ఏడింతల బొగ్గుపులుసు గాలి వదులుతాడు, కాబట్టి పరిహారం మీరే ఇవ్వాలి అంటుంది. న్యాయమైన మాట. 2022లో పాకిస్తాన్‌లో వరద మూడు కోట్ల ముప్పై లక్షల మందిని ముంచినంక, ఆ ఏడే ఈజిప్టు సదస్సులో నష్టపరిహార నిధికి ఒప్పుకోక తప్పలేదు. 2023లో దుబాయిలో అది మొదలైంది. 2024లో బాకులో ధనిక దేశాలు 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్లు అన్నయి. పేద దేశాలు అది చాలదన్నయి, మన దేశం అందరికన్నా గట్టిగా అన్నది. బాగుంది. అమెరికాను అడిగిన న్యాయం ఢిల్లీ ఆదిలాబాద్‌కు ఇయ్యదా? బొగ్గు తవ్విన నేలకు, ఆ బొగ్గు వేడికి చెదిరిన వాన కింద పండించే రైతుకు హెక్టారుకు 8,500 ఇచ్చి చేతులు దులుపుకునే దేశం బాకులో ఏ ముఖంతో కొట్లాడుతుంది? హైదరాబాద్ కూడా తప్పించుకోలేదు. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర సర్కారుదే. లాభంలో కార్మికులకు వాటా ఉన్నట్టే, ఆ లోయ రైతులకు పంట బీమా ప్రీమియం కట్టే వాటా ఎందుకు ఉండకూడదు?

అడగాల్సినవి గాలి మాటలు కావద్దు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టి ఉన్నయి. చాలా వాటికి తాళాలే ఉంటయి. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క వాతావరణ కేంద్రం పెడితే కొలత ఊరి దాపుకు వస్తుంది, మిషను ఖర్చు తప్ప కట్టడం ఖర్చు లేదు. విత్తిన ముప్పై దినాల్లో పది దినాల ఎండు విరామం వస్తే రెండో విత్తనం ఖర్చు నేరుగా చేతికి రావాలి, దానికి కరువు ప్రకటన దాకా ఆగొద్దు. నష్టం రాసే ఫారంలో పట్టాదారు పేరు పక్కన దున్నేవాడి పేరుకు ఒక గడి ఉండాలి, ఊరి సభలో చదివి రాయాలి. కడెం గేట్ల సంగతి మిరుగుకు ముందు తేల్చాలి, వరద వచ్చినంక కాదు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. నష్టం రాసే ఏఈవోలు, తూకం వేయించే సెంటర్ల సిబ్బంది, అందరూ మన ఇంటి పిల్లలే. ఉద్యమంలో సకల జనుల సమ్మె నలభై రెండు దినాలు చేసినవాళ్ళే. పై నుంచి వచ్చిన ఫారంలో గడి లేదని కౌలుదారు పేరు వదిలేయకుండా, మార్జిన్‌లోనైనా రాసి పంపండి. రాసి ఉన్న కాగితం రేపు కోర్టులో నిలబడుతుంది.

విద్యార్థి మిత్రులకు ఇంకోటి. కాకతీయలో, శాతవాహనలో, బాసరలో చదివే పిల్లలు సెలవులకు ఊరికి పోతరు కదా. నిటారు గోడలున్న ఒక డబ్బా, ఒక స్కేలు చాలు. డబ్బా వెడల్పు ఎంతైనా ఫరవాలేదు, లోపల నిలిచిన నీటి ఎత్తే వాన మిల్లీమీటర్లు. చెట్టుకు, గోడకు దూరంగా పెట్టాలి. ఊళ్ళో ఎవరు ఏ తారీఖున గింజ పెట్టారో, ఏ తారీఖున మళ్ళీ పెట్టారో పక్కనే రాయాలి. జూన్ ఒకటి నుంచి పొద్దున ఎనిమిదిన్నరకు కొలవండి, వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే. అక్టోబర్‌లో హైదరాబాద్ లెక్క వచ్చిన దినాన, ఊరి లెక్క మండల ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.